ఆడవారికి తగిన పనులు

"చేతులు రెండుసార్లు కడుక్కున్నావా?" అని అడిగింది దోన్యా చాయో, కాలు నా ఒళ్ళో పెడుతూ. దోన్యా చాయో మా అత్తగారు. కుడి మోకాలికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆవిడ వంగలేకపోతోంది కాబట్టి కాలిగోళ్ళు ప్రతి ఆదివారం నేనే తీస్తున్నాను. కడుక్కున్నానండీ అన్నాను. "బ్రష్‌తోనా?" బ్రష్‌తోనే అన్నాను. నాది ఎముకలు ముట్టుకునే ఉద్యోగం మరి. ముప్ఫై ఏళ్ళ కిందటి అంతర్యుద్ధంలో మా దేశ సైన్యమే చంపి కొండల్లో, లోయల్లో పూడ్చేసినవాళ్ళని మా సంస్థ తవ్వి తీస్తుంది. ఆ ఎముకల్ని కడిగి, ఆరబెట్టి, బల్ల మీద తల నుంచి పాదం దాకా పేర్చి, ఆడా మగా, వయసెంత, ఎత్తెంత, ఎలా చనిపోయారు, చివరికి ఎవరు అన్నది తేల్చడం నా పని. పదకొండేళ్ళుగా ఇదే చేస్తున్నాను.

పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన మొదటి వారమే దోన్యా చాయో నాకొక నియమం పెట్టింది. "చచ్చినవాళ్ళని తడిమిన చేత్తో పిండి ముట్టుకోకమ్మాయ్. టోర్టియా పొంగదు." అందుకని తొమ్మిదేళ్ళుగా ఆ మొక్కజొన్న రొట్టెలు ఆవిడే చేస్తుంది, ఇప్పుడు కుర్చీలో కూర్చుని చేస్తోంది. మిగిలినవన్నీ మాత్రం అదే చేత్తో నేను చెయ్యొచ్చు. తొట్టి దగ్గర బట్టలు ఉతకొచ్చు, అంట్లు తోమొచ్చు, బాత్రూమ్ కడగొచ్చు, నేల తుడవొచ్చు, ఆవిడ కాళ్ళు పట్టొచ్చు. నా చేతి మైల పిండికి అంటుతుంది గానీ చీపురుకి అంటదు. ఈ మాట ఒకసారి నవ్వుతూ అన్నాను కూడా. మా ఆయన ఎస్తువార్దో "అబ్బా, పెద్దావిడ ఏదో అంటే పట్టుకుని వేలాడతావేంటి" అన్నాడు. పట్టుకుని వేలాడేదాన్నయితే ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళు ఎలా ఉంటాను?

"ఒడీ, బీన్స్ మాడుతున్నాయి!" అని సోఫాలోంచి అరిచాడు ఎస్తువార్దో. టీవీలో ఫుట్‌బాల్ నడుస్తోంది. సోఫాకీ స్టవ్వుకీ మధ్య మూడడుగులు. నేను అత్తగారి కాలు జాగ్రత్తగా దించి, లేచి వెళ్ళి మంట తగ్గించి, మళ్ళీ వచ్చి కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడు తగిలింది నా వేలికి. బొటనవేలు పాదంతో కలిసే చోట, పైవైపు, చర్మం కింద ఎముక బల్లపరుపుగా, నున్నగా ఉంది. పక్క వేళ్ళకీ అంతే. రెండో కాలు పట్టుకు చూశాను, అలాగే ఉంది. వేళ్ళని వెనక్కి వంచితే మామూలు మనుషులకు వంగనంత వంగాయి. "ఏంటలా పిసుకుతున్నావ్, చక్కిలిగిలి!" అంది ఆవిడ. ఇవెందుకిలా ఉన్నాయి దోన్యా చాయో అనడిగాను.

"ఇంకెందుకు, సన్నికల్లు. మా అమ్మ నన్ను ఏడో ఏట దాని ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. పొద్దున్నే లేచి ఉడికించిన మొక్కజొన్నలు నూరాలి, తొమ్మిదిమంది మగాళ్ళు మా ఇంట్లో. మోకాళ్ళు నేల మీద, వేళ్ళు వెనక్కి మడిచి ఆనించి, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. మా ఊరు హలాపాలో పిండిమిల్లు వచ్చేసరికి నాకు ముప్ఫై దాటాయి." కాలు నా ఒళ్ళో సర్దుకుంటూ, "అయినా మేం కొండోళ్ళం కాదు, అది గుర్తుపెట్టుకో" అని కలిపింది. తను కొండజాతి మనిషి కాదని గుర్తుచెయ్యకుండా దోన్యా చాయో ఏ మాటా ముగించదు. ఆవిడ పాదం మాత్రం నా ఒళ్ళో ఉంది, దానికా తేడా తెలిసినట్టు లేదు.

ఆ పాదం నేను ఇంతకుముందు చూశాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, నెబాహ్ పైన కొండల్లోంచి తెచ్చిన ఒక అస్థిపంజరం పాదాల ఎముకలు కడిగే పని నాకిచ్చారు. కొత్తవాళ్ళకి పాదాలే ఇస్తారు. ఆ ఎముకల మీద ఇలాంటి నున్నటి పలకలే ఉన్నాయి, ఇవేమిటని మా పెద్దాయన డాక్టర్ అర్రియోలాని అడిగాను. "పాదాలు ఎవడు చూస్తాడు నా రాణీ, సంచిలో వేసి సీలు చేసెయ్" అన్నాడు. వేసి సీలు చేశాను. తర్వాత ఏవో పుస్తకాల్లో చదివాను, మోకాళ్ళ మీద పనిచేసేవాళ్ళ వేళ్ళ ఎముకలు అలా అరుగుతాయని. చదివి కూడా ఆ సంచి తెరవలేదు. పెద్దాయన మగ అని రాశాక అది మగదే అనుకున్నాను. అనుకోవడం సులువు కదా. ఆ సంచి ఉన్న పదిహేడో నంబరు పెట్టె మా గోదాంలో ఎవరూ అడగని పెట్టెల వరసలో పడి ఉంది.

గోళ్ళు తీయడం అయ్యాక ఎస్తువార్దో హాఫ్‌టైమ్‌లో వచ్చి నిలబడ్డాడు. "నెలాఖరులోగా మీ ఆఫీసులో చెప్పెయ్ ఒడీ. రెండో మోకాలి ఆపరేషన్ కూడా ఉంది. అమ్మని చూసుకోవడానికి ఒక ఏడాది సెలవు పెట్టు. ముప్ఫై ఏళ్ళు ఆగినవాళ్ళు ఇంకో ఏడాది ఆగలేరా?" వాడి గొంతులో కోపం లేదు. వాడెప్పుడూ అరిచే మనిషి కాదు, బీన్స్ విషయంలో తప్ప. చూద్దాం అన్నాను. చూద్దాం అంటే సరే అని వాడికి అలవాటు చేసింది నేనే.

సోమవారం పొద్దున్నే పదిహేడో పెట్టె దించి బల్ల మీద పరిచాను. చీటీ మీద అర్రియోలా గుండ్రటి చేతిరాత: మగ, ముప్ఫై నుంచి నలభై ఏళ్ళు, నూట యాభై రెండు సెంటీమీటర్లు. ఆడా మగా తేల్చడానికి మేం ముందు చూసేది కటి ఎముక. ఇతనికి, అప్పటికింకా ఇతనే, ఆ నేలలోని ఆమ్లం కటిని తినేసింది. మిగిలినవి చూసి రాశాడాయన. చేతుల ఎముకలు బలంగా ఉన్నాయి, కండరాలు పట్టుకున్న చోట గట్లు లేచి ఉన్నాయి. నుదుటికి పట్టీ తగిలించి బరువులు మోసేవాళ్ళకుండే మెడ గుర్తులున్నాయి. ఒంటి మీద మగవాళ్ళ కోటు. ఇంత బలమైన చేతులు, మోసిన మెడ, పైన కోటు, ఇంకేం కావాలి? నేనైనా మగ అనే రాసుండేదాన్ని. కానీ నేనారోజు రెండు చేతుల ఎముకల్నీ పక్కపక్కన పెట్టి కొలిచాను. కత్తి పట్టి పొలంలో తుప్పలు కొట్టే మగవాడికి ఒక చెయ్యే బలుస్తుంది. ఈ రెండు చేతులూ సమానంగా బలిశాయి. రెండు చేతుల్తో పొత్రం పట్టుకుని నూరే మనిషికే అలా బలుస్తాయి. తర్వాత పదకొండేళ్ళ కిందట నేను వేసిన సీలు నేనే కోశాను. పాదాల ఎముకలు దోన్యా చాయో పాదాల్లాగే ఉన్నాయి.

అర్రియోలా కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఒక నిమిషం చూశాడు. "ఎవరో భక్తుడయ్యుంటాడు. రోజూ చర్చిలో మోకాళ్ళేసుంటాడు."

"రోజుకు మూడు గంటలు, ముందుకీ వెనక్కీ ఊగుతూ ప్రార్థన చేసే మగాణ్ణి మీరెక్కడ చూశారు డాక్టర్?"

ఆయన నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ దేశంలో ఎముకలు తవ్వితే చంపుతామని బెదిరించే రోజుల్లో తవ్వినవాడు. ఆ గౌరవం నాకెప్పుడూ ఉంది. "ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పన్ను నుంచి డీఎన్ఏ అప్పుడే తీశాం, రాలేదు. మళ్ళీ చెయ్యాలంటే ఎవరైనా కుటుంబం వచ్చి ఈ పెట్టె మాదని రాసివ్వాలి. నియమం నీకు తెలీనిది కాదు. అయినా వెళ్ళేముందు కొత్త తలనొప్పులెందుకు నా రాణీ?"

వెళ్ళడమేమిటన్నాను.

"మొన్న మీ ఆయన ఫోన్ చేశాడుగా. అమ్మగారికి బాగోలేదనీ, ఏడాది సెలవు కావాలనీ. సర్దుతానని చెప్పాను. మంచివాడు, తల్లంటే ఎంత ప్రేమో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు మగవాళ్ళు ఫోన్లో నా ఏడాదిని అటునుంచి ఇటు జరిపేశారు, నేను అదే వారమంతా ఒకరికి కాఫీ కలిపిస్తూ, ఇంకొకరికి నివేదికలు టైపు చేసిస్తూ తిరిగాను. ఇద్దరిలో ఒక్కరూ నాతో అనలేదు. "అంత ప్రేమున్న మనిషికే ఆ సెలవివ్వండి" అని బయటికొచ్చేశాను. కారిడార్‌లో నాకు కోపంకన్నా ఎక్కువ భయమే వేసింది. నేను ఏడాది వెళ్ళిపోతే పదిహేడో పెట్టె మళ్ళీ అరలోకి వెళ్తుంది, ఆ చీటీ మీద మగ అనే ఉంటుంది, ఇంక ఎవరూ ఆ పాదాలు చూడరు.

ఫిబ్రవరి మూడో వారంలో ఎన్‌గ్రాసియా కోబో వచ్చింది. ప్రతి ఏడూ వస్తుంది, వాళ్ళమ్మ తప్పిపోయిన నెలలో. నెబాహ్ నుంచి తెల్లవారకముందే బస్సెక్కి, ఎర్ర పావడా, ఆకుపచ్చ రవికె, జుట్టులో కలిపి చుట్టిన రంగుల పట్టీతో వచ్చి మా వరండా బెంచీ మీద కూర్చుంటుంది. ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న ముద్దలు నాలుగు నా చేతిలో పెట్టి, "మా అమ్మ దొరికిందా సెన్యో?" అంటుంది, మేడమ్ అన్నట్టు. లేదమ్మా అంటాను. "సరే అయితే. వచ్చే ఏడు వస్తా" అని లేస్తుంది. ఈసారి లేవనివ్వలేదు. లోపలికి తీసుకెళ్ళి ఆవిడ పాత ఫైలు తీశాను. తల్లి పేరు ఫెలిసియానా సేతో, సుమారు ముప్ఫై ఐదేళ్ళు. సైన్యం ఊరు తగలబెట్టాక పిల్లల్ని తీసుకుని కొండల్లోకి పారిపోయింది, చివరికి ఒక ఫిబ్రవరిలో అడవిలో విడిపోయారు. దుస్తులు అన్న చోట ఎర్ర పావడా, రవికె అని ఉంది.

"అమ్మ ఆ రోజు ఏం కట్టుకుంది? మళ్ళీ ఒకసారి చెప్పు."

"పావడా. పైన మా నాన్న కోటు."

నేను కలం కింద పెట్టేశాను. "కోటా? ఇందులో లేదే."

"నేను చెప్పాను సెన్యో. నాన్నని అప్పటికే తీసుకుపోయారు, కొండ మీద చలి, అమ్మ ఆ కోటు వేసుకుని మా చెల్లిని అందులో పొదువుకునేది. రాసుకునే ఆయనకి చెప్పాను. ఆయన కాగితం తిప్పి చూసి, కోటు మగవాళ్ళ పేజీలో ఉంది, ఆడవాళ్ళ పేజీలో లేదు అన్నాడు. రాయలేదు."

ఆ కాగితం మేం తయారుచేసిందే. మగవాళ్ళ పేజీలో చొక్కా, ప్యాంటు, బెల్టు, కోటు, టోపీ. ఆడవాళ్ళ పేజీలో రవికె, పావడా, నడికట్టు, శాలువా. గళ్ళు నింపుకుంటూ పోవడమే. చలేస్తే ఆడది కూడా చచ్చిన మొగుడి కోటు తొడుక్కుంటుందని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. పావడా నేలలో కుళ్ళిపోయింది, మందపాటి కోటు మిగిలింది. పదకొండేళ్ళుగా ఎన్‌గ్రాసియా కూర్చుంటున్న ఆ బెంచీకీ పదిహేడో పెట్టెకీ మధ్య ఒక గోడ. నేను ఆ ముద్దలు తిని, లేదమ్మా అని చెప్పి పంపించేదాన్ని. సిగ్గుతో నాకు ఆవిడ మొహంలోకి చూడబుద్ధి కాలేదు.

అర్జీ నేను రాశాను, ఆవిడ వేలిముద్ర వేసింది. ఇక అర్రియోలా కాదనడానికి లేకపోయింది. ఇంట్లో నెలాఖరు వచ్చింది, పోయింది. "చెప్పావా?" అని ఎస్తువార్దో అడిగిన ప్రతిసారీ నా చేతిలో ఒక పెట్టె ఉంది, అది తేలాక మాట్లాడతానన్నాను. "నీకు పెట్టెలే ముఖ్యం" అన్నాడు. ఈసారి నిజమే అన్నాను. వాడు రెండు రోజులు మాట్లాడలేదు, ఆ రెండు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంది. రెండో పన్ను నుంచి తీసిన డీఎన్ఏ నాలుగు నెలలకు వచ్చింది. ఆడ. ఎన్‌గ్రాసియా కోబోకి తల్లి.

అర్రియోలా ఫలితం చదివి కాగితం ఫైల్లో పెట్టాడు. "మంచి పని చేశాం" అన్నాడు. తర్వాత, "నివేదిక బృందం పేరు మీద పోనీ. పాతదాని సంగతి ఎత్తకు" అన్నాడు.

"పాతదాన్లో ఏం తప్పు జరిగిందో ఇందులో ఉంటుంది డాక్టర్. పాదాల సంచి సీలు చేసిన నా పేరుతో సహా. సంతకం నేను పెడతాను."

ఆయన నా చిత్తు నివేదికలో పేజీ తిప్పి ఇంకోటి చూపించాడు. "ఇదేంటి, వృత్తి దగ్గర ఇంత రాశావు? ఊరి రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు దించెయ్యాలి."

ఊరి రిజిస్టరులో ఫెలిసియానా సేతో పేరుకెదురుగా వృత్తి అన్న చోట, ఈ దేశంలో మా అమ్మకీ అమ్మమ్మకీ రాసినట్టే, గుమాస్తా అందమైన అక్షరాలతో రాశాడు: ఆడవారికి తగిన పనులు. నేను ఆ ముక్క దించాను. దాని కింద ఆ పనులేమిటో ఎముకలు చెప్పినంత వరకూ రాశాను. బాల్యం నుంచి సన్నికల్లు మీద మొక్కజొన్న నూరింది, రోజూ, గంటల తరబడి. నుదుటి పట్టీతో కట్టెలు, నీళ్ళు మోసింది. కనీసం ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుందని రాయబోయి ఆగాను, అది ఎముకల్లో కనపడదు, ఎన్‌గ్రాసియా చెప్పింది. అది వాంగ్మూలం అన్న శీర్షిక కింద వేరే రాశాను. "ఈ చేతుల బలాన్ని చూసి మగవాడనుకున్నాం" అన్నది చివరి వాక్యం. అర్రియోలా దాన్ని రెండుసార్లు చదివాడు. కొట్టెయ్యలేదు.

అప్పగించే రోజు ఎన్‌గ్రాసియా కొత్త బట్టలు తెచ్చింది. శవపేటికలో ఎముకలు పేర్చాక వాటి మీద కొత్తబట్టలు పరచడం వాళ్ళ పద్ధతి. నేను తేల్చకపోయుంటే, ఎప్పుడో ఎవరో దయతలచి ఫెలిసియానాకి ప్యాంటు చొక్కా పరిచి పూడ్చేవాళ్ళు. ఎన్‌గ్రాసియా తల నుంచి కిందకి ఒక్కొక్క ఎముకా చూసుకుంటూ వచ్చింది, పాదాల దగ్గర ఆగింది. ఎలా తెలిసింది సెన్యో, అంది. నేను ఆ చిన్న ఎముక ఆవిడ అరచేతిలో పెట్టి నున్నటి పలక చూపించాను. ఆవిడ దానిమీద వేలితో రాసింది. తర్వాత నేల మీద కూర్చుని తన ప్లాస్టిక్ చెప్పు విప్పింది, వేళ్ళు వెనక్కి మడిచింది, తన బొటనవేలి మొదలు తడుముకుంది. "నాక్కూడా ఉంది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పనిలో ఏడవకూడదని కొత్తవాళ్ళకి చెప్పేది నేనే. "పూడ్చడానికి నువ్వూ రావాలి. నాలుగు రోజులుంటుంది. మా ఇంట్లో పడుకో" అంది ఆవిడ చెప్పు తొడుక్కుంటూ. వస్తానన్నాను. చూద్దాం అనలేదు.

ఇంటికొచ్చి దోన్యా చాయోకి అంతా చెప్పాను. ఎప్పుడూ "భోంచేసేముందు ఆ కబుర్లొద్దు" అనే మనిషి, ఆపకుండా విన్నది. కోటు దగ్గర "అయ్యో తల్లీ" అంది. రిజిస్టరు సంగతి వచ్చేసరికి, "నాదాంట్లోనూ అదే ముక్క ఉంది. పెళ్ళప్పుడు నాకు చదివి వినిపించారు. ఏదో మర్యాద మాట అనుకున్నా" అంది. తన పాదాల వైపు చూసుకుంటూ అడిగింది. "రేపు నన్ను తవ్వితే నువ్వూ అలాగే రాస్తావా?"

"మిమ్మల్నెవరు తవ్వుతారండీ. బతికుండగానే రాస్తాను, చెప్పండి."

ఆదివారం పొద్దున నా సంచి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. ఎస్తువార్దో సోఫాలోంచే చూశాడు. "నాలుగు రోజులా? అమ్మ సంగతేంటి? ఈ రోజు గోళ్ళు తియ్యాలి కూడా. నువ్వు ఏడాది సెలవు అడుగుతావని నేనక్కడ మాటిచ్చాను ఒడీ."

"నువ్విచ్చిన మాట నువ్వే తీర్చుకో" అన్నాను. గొంతు పెంచలేదు. గోళ్ళ కత్తెర తెచ్చి వాడి చేతిలో పెట్టాను. "బొటనవేలి దగ్గర మెల్లగా తియ్యి. అక్కడ అరిగుంటుంది. బీన్స్ స్టవ్వు మీదున్నాయి, మూడడుగులు."

వాడు తల్లి వైపు చూశాడు, ఆవిడ నన్నేదైనా అంటుందని. దోన్యా చాయో కుర్చీలో సర్దుకుని పాదం ముందుకు చాపింది. వాడు ఇక చేసేది లేక నేల మీద మోకాళ్ళేసి కూర్చుని, రెండు గోళ్ళు తీసేసరికి "అబ్బ, మోకాళ్ళు పట్టేస్తున్నాయమ్మా" అన్నాడు.

నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. "మొదట్లో అలాగే ఉంటుంది నాన్నా" అంది దోన్యా చాయో, రెండో పాదం కూడా వాడి ముందుకు జరుపుతూ. "తర్వాత ఎముకే అరిగి దారికొస్తుంది."